డీనా కారు, వెర్న్ పడవ

మా ఎదురింటి వెర్న్ ష్రోడర్, కొడుకు కర్ట్‌కి పదహారేళ్లు నిండగానే కారు కొనిచ్చాడు. తర్వాత కూతురు డీనా అడిగితే మాత్రం, "సంపాదించి కొనుక్కో. డబ్బు విలువ తెలుస్తుంది" అన్నాడు.

"అన్నయ్యకి తెలియక్కర్లేదా?"

"వాడు ఫుట్‌బాల్ ఆడాలి. పనికెళ్లే తీరిక ఎక్కడిది వాడికి?"

డీనా రెండు వేసవులు మా నెబ్రాస్కా ఎండలో, విత్తనాల చేలల్లో మొక్కజొన్న కుచ్చులు పీకే కూలికెళ్లింది. ఆకులు కోసుకుని చేతులు మండిపోయేవి. ఆ కూలి డబ్బు తొమ్మిది వందల డాలర్లు పోసి, పాత ఆకుపచ్చ కారు కొనుక్కుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే దాన్ని అద్దంలా తుడిచేది.

అక్టోబరులో కర్ట్ తన కారుని కల్వర్టుకి గుద్దేశాడు. ఆ వారంలోనే, ఆటకి వెళ్లాలని వాడు గోల చేస్తే, డీనాకి చెప్పకుండా ఆమె కారు తాళాలు తీసి ఇచ్చాడు వెర్న్. మైదానం చేరకముందే ఆ కారూ కాలవలో బోర్లా పడింది. కర్ట్‌కి దెబ్బలేం తగల్లేదు.

"మనిషి బతికాడు, సంతోషించు. ఇనప్పెట్టె పోతే ఏమైంది?" అన్నాడు వెర్న్.

డీనా ఏడవలేదు. మర్నాడు తండ్రి పనికెళ్లగానే షెడ్డులోంచి ఆయన చేపల పడవని, కింది చక్రాల బండితో సహా రోడ్డు పక్కకి లాగింది. 'అమ్మబడును, తొమ్మిది వందలు' అని అట్టముక్క మీద రాసి కట్టింది.

సాయంత్రం వెర్న్ అరుపులకి వీధంతా బయటికొచ్చింది.

"ఎవరి సొమ్మనుకుని అమ్ముతున్నావే?"

"నా కారు ఎవరి సొమ్మనుకుని ఇచ్చావు నాన్నా?"

"నా ఇంట్లో ఉంటూ నన్నే నిలదీస్తావా?"

"ఉండను. అమ్మమ్మ దగ్గరికి పోతున్నా."

ఆయన అట్ట పీకబోయాడు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ భార్య లోర్నా, "ఆ అట్ట ముట్టుకున్నావంటే నేనూ పిల్లతోనే పోతాను" అంది. వెర్న్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పది రోజులకి పడవ అమ్ముడుపోయింది. డబ్బు తీసుకుని వెర్న్, డీనా ఉంటున్న తన అత్తగారింటికి వెళ్లాడు. క్షమాపణ మాట ఎత్తలేదు. నోట్లు బల్ల మీద పడేసి, "సరిపోయిందా?" అన్నాడు.

డీనా లెక్కపెట్టింది. "యాభై తక్కువ."

"బేరమాడారు. ఏం చెయ్యను?"

"అన్నయ్యని పనికి పంపు."

కర్ట్ హోటల్లో గిన్నెలు తోమి ఆ యాభై తెచ్చిచ్చాడు. డీనా ఇంకో కారు కొనుక్కుంది. ఇంటికి మాత్రం రాలేదు. వెర్న్‌తో ఆమె మళ్లీ మాట్లాడింది చలికాలం పోయి మంచు కరిగాకే.