తవిటమ్మ మొక్కు పుంజు

మా పక్కింటావిడ కొన్నేళ్లుగా ఒక తప్పు మోస్తోంది. ఆ తప్పు ఆమెది కాదు. నాది. ఆమెకు ఆ సంగతి తెలియదు, నాకు తెలుసు. మా ఆయనకు చెప్పలేదు. కన్నతల్లికి చెప్పలేదు. గుడికి వెళ్లి దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా వేరే కోరికలేవో కోరుకుని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నా నోరు మంచిది కాదని మా ఉద్దానంలో నన్నెరిగిన వాళ్లందరూ అంటారు. నిజమే. కుళాయి దగ్గరైనా, జీడిపిక్కలు కొట్టే చోటైనా నా గొంతే ముందు వినిపిస్తుంది. అంత నోరున్నదాన్ని, ఈ ఒక్క మాట దగ్గర తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

ఆమెను తవిటమ్మ అందాం. అసలు పేరు వేరు. మా రెండిళ్ల మధ్య కొబ్బరిమట్టల దడి ఉంది. దడికి అటువైపు ఆమె కోళ్ల దొడ్డి. అలాంటి దొడ్డి మా ఊళ్లో ఇంకొకటి లేదు. అక్కుపల్లిలో సముద్రం మీద చేపల వేటకెళ్లే చుట్టాల దగ్గర పాత వల అడిగి తెచ్చి, సరుగుడు గుంజలు పాతి చుట్టూ కట్టింది. గద్ద దిగకుండా పైన కూడా వలే. ముంగిస తవ్వుకుని దూరకుండా వల అంచును లోతుగా పూడ్చి, మీద రాళ్లు పేర్చింది. నక్క కోసం ముళ్లకంప. తలుపు మాత్రం ఒక్కటే, చెక్కది, ఇనుప గొళ్లెంతో. ఇంటి వెనకాలే జీడితోటలు మొదలయ్యే చోట కోళ్లను కాపాడుకోవాలంటే అంత పనీ చేయాలి. నాకు ఒళ్లు బద్ధకం, అప్పట్లో కోళ్లు పెంచేదాన్ని కాదు.

ఆమె భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. నేను అన్నయ్య అని పిలిచేదాన్ని. మా వైపు ఆ జబ్బు గురించి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు, వీధికి ఒకరైనా ఉంటారు. మొగుడూ పెళ్లాలు పొద్దున్నే ఆటో ఎక్కి పలాస వెళ్లి, డయాలసిస్ చేయించుకుని, చీకటి పడ్డాక వచ్చేవాళ్లు. అప్పుడే తవిటమ్మ ఊరి అమ్మవారికి ఒక పుంజును మొక్కింది. ఎర్ర పుంజు. కాలికి పసుపు గుడ్డ కట్టింది. నీ సంబరాల నాటికి నా మనిషిని నిలబెట్టు తల్లీ, దీన్ని నీకిచ్చుకుంటానని దండం పెట్టుకుంది. మొక్కిన కోడిని ఎవరూ కొట్టరు, అమ్మరు. అది ఇక అమ్మవారి సొత్తు.

వాళ్లు పలాస వెళ్లిన రోజుల్లో, కోళ్లు లోపలికి చేరాక తలుపు వేసే పని నాకు ఒప్పజెప్పింది. నన్ను నమ్మి ఒప్పజెప్పింది.

ఒక రోజు వేయడం మరిచిపోయాను.

చూశారా? ఇన్నేళ్ల తరవాత, పేరు కూడా పెట్టకుండా రాస్తూ కూడా, ముందు అబద్ధమే వచ్చింది. మరిచిపోలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆ పుంజు దడి కింద దూరి వచ్చి నా మిరప నారంతా గీరి పారేసింది. రోజూ పొద్దున్నే లేచి నీళ్లు చిలకరించి పెంచుకున్న నారు. ఇంకే కోడైనా అయితే కర్ర విసిరేదాన్ని. దీన్నేం చేయను? కాలికి పసుపు గుడ్డతో, పెళ్లికి వచ్చిన మేనమామంత దర్జాగా, నారుమడి మధ్యలో నిలబడి కూసింది కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రం దొడ్డి దగ్గరకు వెళ్లాను. కోళ్లన్నీ చేరాయి. తలుపు వారగా తెరిచి ఉంది. గొళ్లెం మీద చెయ్యి వేశాను. వేసి, తీసేశాను. ఏదో ఒకటి వచ్చి దీన్ని ఎత్తుకుపోతే పీడ పోతుందని అనుకున్నానా? లేక ఆ అన్నయ్య బాగుపడాలని ఊరంతా దండాలు పెడుతుంటే, నా నారు గోడు ఎవరికీ పట్టదని ఉక్రోషమా? ఎన్నిసార్లు తరచి చూసుకున్నా, ఆ నిమిషంలో నా మనసులో ఏముందో నాకే సరిగ్గా దొరకదు. దొరికితే మాత్రం ఏం ఒరుగుతుంది? ఇంటికి వెళ్లి చేపల పులుసుతో కడుపునిండా తిని పడుకున్నాను.

వాళ్లు చీకటి పడ్డాక వచ్చారు. ఆయనకు నీరసం. ఆయన్ను పడుకోబెట్టే హడావిడిలో ఆమె దొడ్డివైపు వెళ్లలేదు. నేనున్నాననే ధీమా.

తెల్లారుతుంటే అందరికన్నా ముందు నేనే వెళ్లాను. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల రెండు పెట్టలు మెడలు కొరికేసి పడి ఉన్నాయి. మిగతావి ఓ మూల ముడుచుకుని ఉన్నాయి. పుంజు లేదు. ఎర్ర ఈకలు జీడితోట దాకా రాలి ఉన్నాయి. అడవిపిల్లి పని. నేనేం చేశానో తెలుసా? తలుపు మూసి, గొళ్లెం వేసి, మా ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించాను. సాయంత్రం చేసింది కోపంలో చేశాననుకోవచ్చు. ఇది బుర్ర పెట్టి చేశాను. అందుకే ఇది తలచుకుంటే ఎక్కువ సిగ్గేస్తుంది.

కాసేపటికి ఆమె కేక వినిపించి, అప్పుడే చూస్తున్నట్టు పరుగెత్తాను.

"ఒదినా, రేత్రి నువ్వు గొళ్లెం ఏసినావు కదా?" అంది.

"ఏసినాను. ఇదిగో, ఏసే ఉంది కదా, సూడు" అన్నాను.

ఆమె దొడ్డి చుట్టూ తిరిగింది. వెనకవైపు ఒక రాయి పక్కకు జరిగి ఉంది. అక్కడ వల అంచు కాస్త లేచింది. ఆమె అక్కడే కూలబడిపోయింది.

"ఈ రాయి నానే జరిపినాను ఒదినా. మొన్న దొడ్డి తుడిసినప్పుడు నా సేత్తో జరిపి, మళ్లీ పెట్టనేదు" అంది.

ఆ సందులోంచి కోడిపిల్ల దూరడం కూడా కష్టం. ఆ మాట నా నాలుక చివర ఉంది. చెప్పలేదు. ఆమె భుజం పట్టుకుని, "ఊరుకో ఒదినా, కావాలని సేసినావేటి" అని ఓదార్చాను.

తవిటమ్మ మరో పుంజును తెచ్చి సంబరాల్లో మొక్కు తీర్చుకుంది. కానీ ఆమె అత్తగారికి మనసొప్పలేదు. మొక్కింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి, అమ్మవారు వద్దంది కాబట్టే పిల్లి రూపంలో వచ్చి తీసేసుకుంది అని వచ్చినవాళ్లందరితో అనేది. వానలు పడే రోజుల్లో ఆయన పోయారు. శవం వాకిట్లో ఉండగానే ఆ ముసలావిడ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"మొక్కిన కోడిని కాసుకోనేనిది, మొగుణ్నేటి కాసుకుంతాది?"

అప్పుడు తవిటమ్మ తల నా ఒళ్లో ఉంది. ఆమె తల ఊపింది. ఆ మాట నిజమే అన్నట్టు ఊపింది. నేను నోరు తెరవాల్సిన చోటు ఏదైనా ఉందంటే అదే. తెరవలేదు.

కిడ్నీ జబ్బుకూ కోడిపుంజుకూ సంబంధం లేదని నాకు తెలుసు. ఏ మొక్కూ తప్పని ఇళ్లలో కూడా మగాళ్లు పోయారు. ఆ సంగతి పదే పదే నాకు నేనే చెప్పుకుని బతికాను. ఆయన్ను నేను చంపలేదు, సరే. మరి ఆమె? తన చేతులతో తన మనిషిని పోగొట్టుకున్నానని ఆమె నమ్ముతోంది. ఆ నమ్మకం ఆమెకు ఇచ్చింది ఎవరు? ఒక్క మాటతో తీసేయగలిగి ఉండి, రోజూ ఆమె మొహం చూస్తూ, చింతపండో ఉప్పో ఇచ్చిపుచ్చుకుంటూ, తీయకుండా ఉన్నది ఎవరు?

ఆమె మళ్లీ కోళ్లు పెంచలేదు. మిగిలినవాటిని ఎవరికో ఇచ్చేసింది. ఆ వల విప్పి నాకిచ్చింది. మా కోడలు సరదాపడి కోళ్లు తెచ్చుకుంటే ఆ వలతోనే దొడ్డి కట్టాం. ఇప్పుడు రోజూ పొద్దుగూకే వేళకు తవిటమ్మ మా పెరట్లోకి వస్తుంది. ఎవరూ పిలవరు. చుట్టూ తిరిగి ఒక్కొక్క రాయినీ కాలితో నొక్కి చూస్తుంది. గొళ్లెం లాగి చూస్తుంది. మొన్న మా కోడలితో అంటోంది, ఏమరుపాటుగా ఉండకమ్మా, నాను ఏమరబట్టే నా పసుపు కుంకాలు పోయినాయి అని. మా కోడలు కళ్లు తుడుచుకుంది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి వెళ్లిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదు.

చెబితే ఏమవుతుంది? ఆమె నన్ను క్షమిస్తుందేమో. నాకు ఆ భయం కూడా ఉంది. ఉమ్మేస్తే తుడుచుకోగలను, ఒదినా పోనీలే అంటే ఏం చేయాలి? ఇదంతా కూడా చెప్పకుండా తప్పించుకోవడానికి నేను చూసుకునే సాకే అని నాకు తెలుసు.

తలుపు వేయనిది నేను. చూసి కూడా వేయనిది నేను. తెల్లారి మూసి, వేశానని చెప్పింది నేను. ఇంత పూర్తిగా ఎప్పుడూ, నాలో నేను కూడా అనుకోలేదు. రాసేసరికి గుండెల్లో కాస్త గాలి ఆడుతోంది. ముందు గాలి ఆడవలసింది ఆమెకు కదా అని సిగ్గుగా కూడా ఉంది. ఆమెకు ఇంకా చెప్పలేదు.