గుల్ల పలికేది

ఎక్కడ కూర్చున్నా ఆయన ముందు మధ్యవేలిని మడిచి, ఆ కణుపుతో టక్ టక్‌మని కొట్టి చూస్తాడు. నేలైనా, గోడైనా, బల్లైనా అంతే. తల వంచి వింటాడు. నిండుగా పలికితే కూర్చుంటాడు. గుల్లగా పలికితే మొహం మాడ్చుకుంటాడు.

జీవితమంతా టైల్స్ పరిచిన మేస్త్రి మరి. టైలు కింద సిమెంటు మాలు సరిగ్గా పడకపోతే గుల్ల పలుకుతుంది. గుల్ల పలికితే పగలగొట్టి మళ్లీ వేయాలి. మేస్త్రికి అంతకు మించిన తలవంపు లేదు.

మోకాళ్లు పోయాయి. వంగితే లేవలేడు. పని ఆగిపోయిన దగ్గర్నుంచీ ఇంట్లో గోడలన్నీ కొట్టి చూసి, తప్పులు చెప్పి, భార్యకు ఊపిరాడకుండా చేశాడు. ఆవిడే వీధి చివరి లైబ్రరీ మేడ మీద నడిచే చేతిపనుల క్లాసులో ఆయన పేరు రాయించింది.

"ఎండిన సొరకాయల మీద బొమ్మలు చెక్కిస్తారట. వెళ్లండి."

"నాకెందుకే ఆ ఆడపిల్లల ఆటలు?"

"ఇన్నాళ్లూ నోటితో కోశారుగా సొరకాయలు. ఇక చేత్తో కోయండి." ఆవిడ నవ్వలేదు. "ఇది కూడా మధ్యలో వదిలేసి వచ్చారంటే ఇక ఆ కుర్చీలోనే పాతుకుపోతారు. చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు."

అది బెదిరింపు కాదు. భయం. ఆయనకు తెలిసింది. వెళ్లాడు.

పొడవాటి బల్ల మీద సొరబుర్రలు వరసగా ఉన్నాయి. చుట్టూ అందరూ ఆడవాళ్లే. మేస్త్రి ఒక్కొక్కదాన్నీ కొట్టి చూశాడు. ఒకటి గుల్ల. ఇంకొకటీ గుల్లే. పెదవి విరుస్తూ చివరిదాకా వెళ్లాడు. మూలనున్న బరువైన కాయ ఒక్కటే నిండుగా పలికింది.

"ఇదీ సరుకంటే," అన్నాడు.

టీచరమ్మ ఆయన కూతురి కంటే చిన్నది. "అది ఇంకా ఆరలేదు మేస్త్రిగారూ. వేరేది తీసుకోండి."

"చప్పుడు సంగతి నాకు చెప్పకమ్మా."

కత్తి దించాడు. అది వెన్నలో దిగినట్టు దిగబడింది. పచ్చటి నీళ్లు బల్ల మీదికి కారాయి. కంపు. అందరి కొంగులూ ముక్కుల మీదికి వెళ్లాయి.

పక్క కుర్చీలో రిటైరైన బస్సు కండక్టరమ్మ ఉంది. "అన్నయ్యా, ముందు చెబితే తర్వాతి స్టాపులో దిగిపోయేవాళ్లంగా!"

అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. కత్తి కింద పెట్టి, బల్ల పట్టుకుని లేచాడు. చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయి. గుమ్మం ఎంతో దూరం లేదు. చెప్పులు వేసుకుంటే వెళ్లేది ఇంట్లో ఆ కుర్చీకే.

టీచరమ్మ గుడ్డతో బల్ల తుడిచింది. మరో బుర్ర తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. దూదిలా తేలిక.

"కొట్టండి."

కొట్టాడు. ఏ చప్పుడుకు ఇన్నేళ్లూ నిద్రలో ఉలిక్కిపడ్డాడో, అదే చప్పుడు.

"గుల్ల," అన్నాడు మెల్లగా.

"మీరు పరిచిన దాని మీద మనుషులు నడుస్తారు. దీంట్లో దీపం పెడతారు. ఖాళీ లేకపోతే దీపం ఎక్కడ పెట్టమంటారు?"

ఆయన మళ్లీ కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల గింజలు గలగలమన్నాయి. నిలబడే కాసేపు విన్నాడు. తర్వాత కూర్చున్నాడు.

పెన్సిలు తీసుకుని తనకు తెలిసిందే గీశాడు. చదరాలు. బుర్ర పొట్ట మీద బాగానే కుదిరాయి. మెడ దగ్గరకు వచ్చేసరికి ఒకదాని మీదికొకటి ఎక్కాయి.

కండక్టరమ్మ తొంగి చూసింది. "అందరూ ఫుట్‌బోర్డు మీదే వేలాడుతున్నారేంటి అన్నయ్యా?"

ఈసారి ఆయనా నవ్వాడు. "గది గుండ్రంగా ఉందమ్మా. ఇలాంటి గది నాకు ఎప్పుడూ తగల్లేదు."

చదరాలన్నీ చెరిపేశాడు. టీచరమ్మను అడిగి బుర్రను ఇంటికి తెచ్చుకున్నాడు. భార్య దాన్ని చూసింది, ఆయన మొహం చూసింది, అన్నం వడ్డించింది.

మర్నాడు పొద్దున్నే అటక మీది పనిసంచి దింపమన్నాడు. మోకాళ్లు పోయాక ఆ సంచిని ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ స్టూలెక్కి దింపి, దుమ్ము దులిపింది.

"మళ్లీ ఎవరింట్లో నేల?"

"ఎవరింట్లోనూ కాదు."

టైల్స్ వరసలు చూసుకునే దారం తీశాడు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, కూర్చునే ముందు దేన్నీ కొట్టి చూడకుండానే కూర్చున్నాడు. బుర్రను ఒళ్లో పెట్టుకున్నాడు. దారాన్ని ముందు పొట్ట చుట్టూ, తర్వాత మెడ చుట్టూ తిప్పి, రెండు కొలతలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. పైకి పోయేకొద్దీ చదరం ఎంత సన్నబడాలో లెక్క వేసుకుని, మెడ దగ్గర మొదటి గుర్తు పెట్టాడు.