కుంకుమ పెట్టిన సీడీ

కొత్తచెరువు బజారు ప్రజలకు బరువైన మనసుతో తెలియజేయునది: మా మోటారు వైండింగ్ అంగడి ముందున్న బెంచీకి నిన్న ఒక కాలు ఊడింది. ఆదివారాలు దాని మీద కూర్చునే కంప్యూటర్ సారు పోయిన వారం గుండెనొప్పితో పోయారు. బెంచీ సంగతి ముందు చెప్పానని కోప్పడొద్దు. సారుంటే ఆయనా ముందు దాని గురించే అడిగేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా పక్క గదిలో సారు కంప్యూటర్ సెంటర్ పెట్టారు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఆయన చెప్పేది సగం అర్థమయ్యేది, మిగతా సగాన్ని ఎగతాళి చేసేవాణ్ణి. నేర్చుకునేవాళ్లు తగ్గి, గది ఖాళీ చేసే పరిస్థితి వచ్చింది. అప్పుడే శనక్కాయల మండీ యజమాని తన పాత కంప్యూటర్ మిషన్‌లో లెక్కలు చూసే ప్రోగ్రాం ఎక్కించమన్నాడు. అది ఆడితే పక్క మండీలూ వస్తాయి, సెంటర్ నిలబడుతుంది. లేకుంటే తాళమే. వేడుక చూడ్డానికి నేనూ వెంట పోయాను.

సారు మొదటి సీడీ పెట్టగానే తెర నల్లగా, ఉత్త అక్షరాలతో వచ్చేసరికి యజమాని మొహం మాడింది.

“ఏమప్పా, బొమ్మలు యాడ? మా అల్లుని మిషన్లో మబ్బులు కనపడ్తాండాయి.”

“నీది బక్క ఎద్దన్నా. బొమ్మల బరువు మోయలేదు. లెక్కలైతే లాగుతాది,” అన్నారు సారు.

“ఈ సీడీకి దుడ్లెంత?”

“ఏమీ లేదు. చేసినోళ్లు ఊరికే ఇచ్చినారు. లోపలేముండాదో విప్పి సూసుకోమన్నారు.”

“ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో మోసముంటాదిలే!”

“మోసమేదన్నా ఉంటే మూసిపెడ్తారన్నా. వీళ్లు తెరిసే పెట్టినారు కదా.”

మిషన్‌ను నడిపించే ఆ మొదటి సీడీ నెమ్మదిగా ఎక్కింది. లెక్కల సీడీ మాత్రం సగంలో గర్రుమని ఆగిపోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ ఆగింది. సారు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

“సారూ, మా మోటరు కాలితే వాసనన్నా వస్తాది. నీదానికి అదీ లేదే,” అన్నాను.

ఆయన సీడీ తీసి తిప్పి చూశారు. ఏది ఆడకపోయినా తిట్టకుండా తిప్పి చూడడం ఆయన అలవాటు. నాకూ అంటింది. మెరిసే వైపు ఇంత కుంకుమ బొట్టు, పక్కన పసుపు.

వాకిట్లో నిలబడిన యజమాని తల్లి, “బల్ల మీదుంటే నేనే పెట్టినా నాయనా. కొత్త లెక్క బొట్టు లేకుండా మొదలుపెడ్తారా?” అంది.

కొడుకు పళ్లు కొరికాడు. సారు, “మంచి పనే చేసినావవ్వా. కాకుంటే నుదుట పెట్టాల్సింది కంట్లో పెట్టినావు,” అని తడిగుడ్డతో మెల్లగా తుడిచారు. మిషన్ డబ్బా మీద ఆమె చేతే మళ్లీ బొట్టు పెట్టించారు. ఈసారి సీడీ ఆగలేదు. ఆ తర్వాత పక్క మండీలన్నీ సారు కోసం వరుస కట్టాయి.

వరుస కట్టాయన్నది నేను కల్పించింది. ఒక్కరూ రాలేదు. ఆ ఎండాకాలమే సారు సెంటర్ మూసి గోరంట్లలో ఒక బడిలో చేరారు, ఆదివారాలు మాత్రం మా బెంచీ మీదికి వచ్చేవారు. బక్క ఎద్దు మాట కూడా నాదే, ఆయన నోట్లో పెట్టాను. కంట్లో బొట్టు మాట ఆయనదే. కుంకుమ నిజం. మిషన్ ఆడిందీ నిజం, ఆ మండీ ఉన్నన్నాళ్లూ ఆడింది.

ఆ రోజు మండీలో లెక్కల పేజీ తెరుచుకుంది. యజమాని కాటా దగ్గరికి పోయాడు. సారు శనక్కాయల మూట మీద కూర్చుని, నల్లటి తెర మీద వెలిగి ఆరుతున్న తెల్లగీతను చూస్తూ ఉండిపోయారు.