మిల్లక్క చేయి

ఆ వీధిలో ఏ బిడ్డ ఒళ్ళు వెచ్చబడినా తల్లి ముందుగా పరుగెత్తేది పిండిమిల్లుకే. అక్కడ మిల్లక్క ఉంటుంది. మర మూతి నుంచి జారే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ఇంకాస్త మెత్తగా పడాలో వద్దో చెప్పేస్తుంది. అదే చేయి దులుపుకొని బిడ్డ నుదుటి మీద పెట్టి, "ఏం లేదు, నిక్షేపంలా ఉన్నాడు, తీసుకుపో" అంటుంది. తల్లి ప్రాణం కుదుటపడుతుంది. చాలామంది పిల్లలు రెండ్రోజుల్లో వాళ్ళంతట వాళ్ళే తేరుకుంటారు కాబట్టి ఆ చేతికి పేరు వచ్చింది. ఒకసారి పేరు వచ్చాక దాన్ని పరీక్షించే ఓపిక ఎవరికి ఉంటుంది?

పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆమె భర్తకే ఒక పట్టాన గుర్తుకు రాదు. యాభై ఆరేళ్ళు. నోరు కాస్త పెద్దది, మరల చప్పుడులో ముప్పై ఏళ్ళు మాట్లాడినవాళ్ళకు అది మామూలే. పొద్దున ఎనిమిదికి బెల్టు ఎక్కించి స్విచ్చి వేసిందంటే ఒంటిగంట దాకా చేతులు పిండిలోనే. రాళ్ళ మధ్య నుంచి అప్పుడే పడిన పిండి మామూలు వేడిగా ఉండదు. కొత్తవాళ్ళు అందులో చేయి పెట్టి చటుక్కున తీసేస్తారు. ఆమె మాత్రం మోచేతుల దాకా ముంచి డబ్బాల్లోకి ఎత్తిపోస్తుంది.

అంత ధైర్యంగల మనిషి భయపడేది ఒక్కదానికే, దగ్గుకు.

ఆమె భర్త జన్మలో సిగరెట్టు ముట్టలేదు. కానీ ముప్పై ఏళ్ళ పిండి దుమ్ము ఆ పని తానే చేసింది. ఊపిరితిత్తులు ఇక బాగయ్యేవి కావు, ఉన్నవాటిని కాపాడుకోవడమే అని డాక్టరు తేల్చేశాడు. అప్పటి నుంచి అతడికి మర గది నిషేధం. ముందు గదిలో అద్దం కిటికీ వెనక కూర్చొని డబ్బాలు తూచి చీటీలు అంటిస్తాడు. జేబులో పీల్చే మందు ఉంటుంది. మేడ మీద ఇంటికి పద్నాలుగు మెట్లు. పోయినేడు ఒకచోట ఆగి ఎక్కేవాడు. ఈ ఏడు మూడుచోట్ల ఆగుతున్నాడు. ఆమె కింద నిలబడి ఆ అడుగులు వింటుంది. అడుగు ఆగిన ప్రతిసారీ ఆమె ఊపిరీ ఆగుతుంది.

చలి మొదలైతే ఇక ఆమెకు కంటి మీద కునుకు ఉండదు. వచ్చిన వాళ్ళల్లా ముక్కులు చీదుతూ, దగ్గుతూ, ఆ చేతులతోనే డబ్బాలు కిటికీలోంచి లోపలికి తోస్తారు. "ఆయన మీద దగ్గకండి బాబూ!" అని లోపలి నుంచి కేక వేస్తుంది. మర చప్పుడులో ఎవరికీ వినపడదు.

ప్రతి ఏడూ ఫ్లూ టీకా వేయించమని డాక్టరు చీటీ రాస్తూనే ఉన్నాడు. ఆ చీటీలన్నీ ఆమె బీరువాలో పాత బట్టల కింద దాచేసింది. కారణం వాళ్ళ అన్నయ్య. ఆయనకూ ఇదే రకం జబ్బు. రెండేళ్ళ కిందట ఒక పొద్దున టీకాకు వెళుతూ మిల్లు దగ్గర ఆగాడు. "ఒళ్ళు కాస్త నలతగా ఉందమ్మాయ్, ఇవాళ వెళ్ళనా వద్దా?" అని అడిగాడు. ఆమె పిండి చేయి దులుపుకొని అన్నయ్య నుదుటి మీద పెట్టి చూసి, "చల్లగా ఉన్నావురా అన్నయ్యా, వంకలు పెట్టకుండా వెళ్ళు" అని నవ్వింది. మర్నాటికి ఆయాసం. మూడోరోజు ఆసుపత్రి. ఆరోరోజుకు మనిషే లేడు.

ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే మాట. సూది మా అన్నయ్యను మింగేసింది. తూకానికి వచ్చినవాళ్ళకూ, దారినపోయేవాళ్ళకూ, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పింది. ఎదురింటి డ్రాయింగు మాస్టారికి కూడా ఊపిరి జబ్బే. ఆయన టీకాకు బయలుదేరుతుంటే ఆపి మరీ చెప్పింది. మాస్టారు ఆమె ఎదుటే చీటీ చింపి చెత్తబుట్టలో వేశాడు. ఆ వేళ ఒక ప్రాణం కాపాడానని ఆమె అనుకుంది.

ఈసారి డాక్టరు ఆమెనే ఎదురుగా కూర్చోబెట్టాడు. "పోయినేటికీ ఇప్పటికీ ఈయన ఊపిరి బాగా తగ్గింది. ఈ చలికాలం ఫ్లూ తగిలితే తట్టుకుంటాడని నేను చెప్పలేను. ఆపైన మీ ఇష్టం" అన్నాడు. మెత్తటి మనిషి, గొంతు కూడా పెంచలేదు. వేయిస్తే అన్నయ్యలా అవుతాడేమో. వేయించకపోతే డాక్టరు చెప్పినట్టు అవుతుందేమో. నాలుగు రోజులు ఏ ముద్దా గొంతు దిగలేదు. ఐదోరోజు పొద్దున పిండిలోంచి చేతులు తీసి, నేరుగా ముందు గదిలోకి వచ్చి, భర్త నుదుటి మీద చేయి పెట్టింది. చల్లగా ఉంది.

"పదండి, మళ్ళీ నా మనసు మారకముందే వేయించేద్దాం."

"రాత్రి నుంచి ఒళ్ళు నొప్పులుగా ఉందే" అన్నాడు ఆయన.

"సూదంటే నొప్పులు రావా మరి? జ్వరం లేదు, నేను చూశాగా."

టీకా గది వీధి చివర ఆసుపత్రిలోనే. ఆ కాస్త దూరానికి అతడు ఐదుచోట్ల ఆగాడు. గుమ్మం పక్కన కుళాయి ఉంది. చేతుల పిండి చూసి నర్సు ఏమంటుందోనని ఆమె చన్నీళ్ళతో మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. నర్సు చిన్నపిల్ల. నవ్వుతూ అతడి చంకలో థర్మామీటరు పెట్టింది. అది కూసింది. నర్సు నవ్వు ఆగిపోయింది.

"నూట రెండు ఉందమ్మా. ఇవాళ టీకా వేయం. ముందు డాక్టరుగారు చూడాలి."

"నీ యంత్రం పాడై ఉంటుంది!" మిల్లక్క ఒంటికాలి మీద లేచింది. "ఇప్పుడే కదా నేను చూసింది! మంచులా ఉన్నాడు!" అని, ఆ పిల్లకు రుజువు చేయడానికే మళ్ళీ భర్త నుదుటి మీద చేయి పెట్టింది.

కాలిపోతోంది.

చేయి తీసేసింది. మళ్ళీ పెట్టింది. కుళాయి నీళ్ళతో చల్లబడ్డ ఆ చేతికి నుదురు నిప్పులా తగిలింది. ఇంత జ్వరం పావుగంటలో పుట్టుకురాదు. మరి పొద్దున? పొద్దున చేయి పిండిలోంచి వచ్చింది. పిండి వేడి ముందు మనిషి వేడి ఎంత! ఆమె గోడ పట్టుకుని బల్ల మీద కూలబడింది.

ఎందుకంటే ఆ క్షణాన ఆమెకు గుర్తొచ్చింది భర్త కాదు. అన్నయ్య పోయాక వదిన ఏడుస్తూ చెప్పిన ఒక మాట. "సూది వేసే ముందు నర్సు అడిగింది, జ్వరమేమైనా ఉందా అని. మీ అన్నయ్య ఏమన్నాడో తెలుసా? మా చెల్లెలు చూసిందండీ, లేదంది, అన్నాడు." అప్పుడు ఆ మాట విని ఆమె తన మీద అన్నయ్యకు ఎంత నమ్మకమో అని ఏడ్చింది. ఇప్పుడు తన చేతిని తిప్పి చూసుకుంది.

భర్తను పై అంతస్తులో చేర్చుకున్నారు. ముక్కులో దూది పుల్ల పెట్టి పరీక్ష చేసి ఫ్లూయే అన్నారు. మాత్రలు మొదలుపెట్టి, మూతికి ఆక్సిజన్ మాస్కు తగిలించారు. అతడి పక్కటెముకలు ఎగిసి పడుతుంటే చూడలేక, చూడకుండా ఉండలేక ఆమె మంచం పట్టెను పట్టుకుని కూర్చుంది. సాయంత్రం ఆ నర్సు పైకి వచ్చింది.

"పోయిన నెలే వేయించి ఉంటే ఇలా అయ్యేది కాదా అమ్మా?" అని అడిగింది మిల్లక్క.

నర్సు మాస్కు పట్టీ సరిచేసింది. "కచ్చితంగా చెప్పలేమక్కా. వేయించుకున్నా కొందరికి వస్తుంది. కానీ చాలామందికి ఇంత దూరం రాదు. టీకా ఒంటికి పట్టడానికే రెండు వారాలు కావాలి."

"మరి టీకా వేస్తే ఆ మర్నాడే ఫ్లూ వచ్చేస్తుందా?"

"సూదిలో బతికున్న క్రిమి ఉండదు. దానివల్ల ఫ్లూ రాదు. మర్నాడే అంత జబ్బు చేసిందంటే అది ముందే ఒంట్లో ఉన్నట్టే."

మిల్లక్క రెండేళ్ళుగా సూదిని తిట్టింది. తిట్టినంతసేపూ తన చేయి తన ఒళ్ళోనే ఉంది. మర్నాడు కిందికి వెళ్ళి తానే టీకా వేయించుకుంది. ఆయనతో ఒకే గదిలో ఉండేదాన్ని కదా, నేను మోసుకొచ్చి అంటించకూడదు అంది. సూది దిగేటప్పుడు భయంతో కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆమెకు ఏమీ కాలేదు, రెండ్రోజులు జబ్బ నొప్పి తప్ప.

నాలుగోరోజు పొద్దున బట్టలకని ఇంటికి వచ్చింది. మాస్కు ఇంకా తీయలేదు. ప్రమాదం దాటిందని ఎవరూ అనలేదు. మిల్లు షట్టరు ముందు డ్రాయింగు మాస్టారు డబ్బాతో నిలబడి ఉన్నాడు. మెడకు మఫ్లరు, దగ్గీ దగ్గీ కళ్ళలో నీళ్ళు. ఆమెను చూడగానే అలవాటుగా తల వంచాడు.

"మిల్లక్కా, ఒక్కసారి చూడమ్మా. జ్వరమేమైనా ఉందేమో. నువ్వు లేదంటే నాకు నిశ్చింత."

ఆమె చేయి సగం లేచింది. వెంటనే వెనక్కి లాక్కుని, రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"నా చేతిని నమ్మకండి మాస్టారూ. పదండి, ఆసుపత్రికి వెళదాం. వాళ్ళు చూస్తారు. జ్వరం లేకపోతే టీకా కూడా వేయించుకోండి."

మాస్టారు తెల్లబోయాడు. "అదేమిటమ్మా? సూది వద్దని చెప్పింది నువ్వే కదా? అది మీ అన్నయ్యను..."

"వద్దన్నది నేనే. అన్నయ్యకు జ్వరం లేదన్నదీ నేనే." ఆమె చేతులు ఇంకా వీపు వెనకే ఉన్నాయి. "పిండిలోంచి తీసిన చేతితో చూసి చెప్పాను మాస్టారూ. ఈయనకూ అలాగే చెప్పాను."

ఆయన డబ్బా షట్టరు పక్కన పెట్టి ఆమె వెంట నడిచాడు. ఆయన ఆగినచోటల్లా ఆమె ఆగింది.

టీకా గదిలో ఆ నర్సే ఉంది. "జ్వరమేమైనా ఉందా అండీ?" అని అడిగింది. మాస్టారు నోరు తెరిచి, జవాబు కోసం మిల్లక్క వైపు చూశాడు. అన్నయ్య కూడా అదే ప్రశ్నకు ఈ గదిలోనే నిలబడి జవాబు చెప్పాడు.

"మాకు తెలియదమ్మా" అంది మిల్లక్క. "నువ్వే పెట్టి చూడు."

నర్సు థర్మామీటరు పెట్టింది. అది కూసేదాకా ఆమె వీపు వెనక చేతులు విప్పలేదు.