అగ్గిపుల్లలు తీసేసిన హార్మోనియం

ఉదయం ఏడు గంటలకు కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సెక్కాను. చంకలో దుప్పటి చుట్టిన హార్మోనియం. డెబ్బై దాటాక పాఠానికి పోవడమేమిటని మీరడగవచ్చు. మా వీధి భజన గోష్ఠిలో ఆ పెట్టె ముందు కూచునేవాణ్ని నేను. ఈమధ్య మా వీధికి కోడలుగా వచ్చిన రుక్మిణి బాగా పాడుతుంది, కానీ ఒకే చరణాన్ని ప్రతిసారీ కొత్త దారిన తిప్పుతుంది. నేను వెనక వెతుక్కుంటూ పోవాలి. పోయిన శనివారం చెయ్యి ఆగే పోయింది. గోష్ఠి పెద్ద రంగసామి, నాకు వరసకు బామ్మర్ది, మార్గళికి, అదే ధనుర్మాసం భజనలకి, బయటి కీబోర్డువాణ్ని పిలుస్తానన్నాడు. ఆ మాట నాతో చాటుగా చెప్పొచ్చుగా, నలుగురిలో అన్నాడు.

కండక్టరు పెట్టెకు కూడా టికెట్టు కొట్టాడు. పక్క సీట్లో నేతపని చేసే అరుప్పుకోట్టై ఆమె. నా కూనిరాగం విని, ఈ తమిళ ఊళ్లలో ఉన్నా ఇంట్లో మా మాట కూడా తెలుగే అని కనిపెట్టింది.

"ఏమన్నా, పెట్టెలో పటాసులా? సెప్పెయ్యి, నేను ముందు సీటుకి పోతా."

"హార్మోనియమమ్మా. పాఠానికి పోతాండా."

"ఈ వయసులోనా? నేర్పేవాళ్లకి ఓర్పు శానా ఉండాల."

సాత్తూరులో కారసేవు పొట్లం కొంటే మొహమాటం లేకుండా సగం తీసుకుంది. చిన్నప్పుడు నేనొక విద్వాంసుడి గడప తొక్కితే, చెవి పుట్టుకతో రావాలి, మగ్గం చప్పుడు వినే నేతోళ్ల చెవికి సంగీతమెందుకు అన్నాడాయన. ఆ మంట ఈనాటికీ ఆరలేదు. సినిమా టెంటు బయట నిలబడి విన్న పాటల్ని ఒక్కో మెట్టూ తడుముకుంటూ నేనే నేర్చుకున్నాను. ఏ గురువుకూ దక్షిణ బాకీ లేను.

ఎనిమిదిన్నరకు విరుదునగర్. బస్టాండు నుంచి ఆటోలో ఎస్తర్ టీచర్ ఇంటికి. ఆవిడ బడిలో సంగీతం చెప్పి రిటైరయ్యారు, ఇప్పుడు చర్చిలో ఆర్గన్ వాయిస్తారు. మాటంతా తమిళంలోనే. కూచోగానే అలవాటుగా స, ప మెట్లు కిందికి నొక్కి సందుల్లో అగ్గిపుల్లలు ఇరికించాను. శ్రుతి ఆగకుండా మోగాలని మా వైపు భజనవాళ్లంతా చేసే పనే.

పాట కింద మూడేసి స్వరాలు జట్టుగా నొక్కడం చూపించారావిడ. స-గ-ప హాయిగా ఉంది. ప-ని-రి నొక్కగానే పెట్టె పళ్లు కొరికింది. రీడ్లు పాడయ్యాయన్నాను. ఆవిడ పుల్లలు పీకేశారు. మళ్లీ నొక్కితే శుభ్రంగా పలికింది. నాకు కోపమొచ్చింది. శ్రుతి తీసేస్తే ఇక సంగీతమెక్కడిదని అడిగాను.

"శ్రుతి మీద నాకేం పగ లేదయ్యా," అన్నారు టీచర్. "మీరు 'ని' దగ్గరికి వెళ్తూ 'స'ని కూడా ఈడ్చుకెళ్తున్నారు. మీరు చెప్పిన ఆ అమ్మాయి కదిలినప్పుడు కింద మీరూ కదలాలి."

తర్వాత పెట్టె మూయించారు. ఆవిడ పాడతారు, పాట కింద ఏ స్వరం నిలుస్తుందో నేను గొంతుతో పట్టుకోవాలి. చాలాసేపు తప్పే. కోపంలో ఒకసారి లేచి చెప్పులు కూడా వేసుకున్నాను. ఆవిడ పాట ఆపలేదు. గుమ్మంలో ఉండగానే కింది స్వరం 'మ' అని తెలిసిపోయింది. వెనక్కొచ్చి కూచున్నాను.

మధ్యాహ్నానికి, నేనెప్పుడూ వినని పాటొకటి పాడి మధ్యలో ఆగారు. కిందున్న జట్టు నా చెవిలో వినిపించింది. పెట్టె తెరిచి, ఆ జట్టులోని స్వరాలే అల్లి నాలుగు ముక్కలు బదులు వాయించాను. ఎవరి పాటా కాదది, నాది.

నూనె పరోటా తిని స్టేషనుకు చేరాను. నాలుగింటి బండి ఆలస్యమని చెప్పారు. ఈ లైనులో అది నాకు కొత్త కాదు. ప్లాట్‌ఫాం చివరి బెంచీ మీద పెట్టె తెరిచి, రుక్మిణికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, ఇష్టమొచ్చినట్టు పాడమన్నాను. పాడింది. రెండో చరణంలో ఎప్పటిలాగే దారి మళ్లింది. పాటను తరమకుండా కింద జట్టు మార్చాను. ఒకచోట తప్పాను, వెంటనే సర్దుకున్నాను.

"మామా, నేను యాడికి పోయినా నువ్వు ముందే ఆడ ఉండావే," అంది.

బండెక్కాక రంగసామికి ఫోన్లో సంగతి చెప్పాను. శనివారం విని నిర్ణయిస్తానన్నాడు. విననీ. నాలాగా సొంతంగా నేర్చినవాళ్లెవరైనా ఉంటే ఈ ప్రయాణం చెయ్యండి. చెవి పుట్టుకతో వస్తుందన్నది అబద్ధం. నాది నిన్నటిదాకా సగమే తెరుచుకుంది. ఎదుటి సీట్లో ఎవరి ఫోనో పాడుతోంది. కోవిల్‌పట్టి వచ్చేదాకా నేను దాని కింది స్వరం కూనిరాగంగా తీస్తూనే ఉన్నాను.