కూత ఆపని ఫార్వర్డ్

మా బావ మొన్న నడికుడిలో పోయాడు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. "చివరిదాకా మంచం మీద ఒక్కచోట ఉండలేదురా. కూర్చోబెడితే నడుస్తానంటాడు," అంది అక్క. నాకు ఆశ్చర్యం కలగలేదు. బస్సు కోసం నిలబడినా ఆయన కాళ్ళు ఆగేవి కావు. పెళ్ళిళ్ళలో విస్తరి ముందు కుదురుగా ఉండేవాడు కాదు. "కూర్చుంటే ఎవడో ఒకడు పట్టేస్తాడు బామ్మర్దీ," అనేవాడు.

అది చెడుగుడు అలవాటు. ఆయన మా మేనత్త కొడుకు. పంతొమ్మిదివందల నలభైల్లో కారంపూడి దగ్గర నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. పొద్దు వాలితే చెడుగుడు. కూత పెట్టి అవతలి వైపు వెళ్ళి, ఊపిరి తెగేలోపు గీత దగ్గరికి తిరిగి రావడంలో చుట్టుపక్కల ఆయనకు సాటి లేదు.

నడికుడి రైల్వే స్టేషన్ వాళ్ళకు ఫుట్‌బాల్ టీము ఉండేది. బాగా ఆడేవాడికి లైను మీద పట్టాలు బాగుచేసే గ్యాంగులో ఉద్యోగం ఇచ్చేవారు. కెప్టెన్ ఒక ఫిట్టరు. అందరూ భాయ్ అనేవారు. బావ చెడుగుడు చూసి ఆయనే తీసుకొచ్చాడు. నేనప్పుడు అక్కడ గూడ్సు గుమాస్తాను, టీములో బ్యాకును. మా మామ క్వారీ దుమ్ముకే దగ్గి దగ్గి మంచాన పడ్డాడు. కొడుకు కూడా అక్కడే ఉంటే పిల్లనివ్వనని మా నాన్న తేల్చి చెప్పాడు. కాబట్టి బావకు ఆ ఉద్యోగం కావాలి.

మొదటి ఆట మాచర్ల వాళ్ళతో. బంతి దొరకగానే బావ కూత అందుకున్నాడు. నిజంగానే "చెడుగుడు చెడుగుడు" అంటూ అందరినీ దాటాడు. ఎదురుగా గోలీ ఒక్కడే. అక్కడ ఊపిరి తగ్గింది. గిరుక్కున తిరిగి బంతితో సహా మైదానం నడిమి గీత దగ్గరికి వచ్చేశాడు. జనం పడీ పడీ నవ్వారు.

"ఏందిరా అబ్బాయ్, బంతిని ఇంటికి తీసకపోతన్నావా?" అన్నాడు భాయ్.

"కూత ఆగిపోద్ది గదా భాయ్. దొరికిపోనూ?"

"ఎవడు పడతాడ్రా నిన్ను? ఇది ఫుట్‌బాలు!"

కూత మానమంటే మానాడు. దాంతో వేగమూ పోయింది. తర్వాతి ఆటల్లో మామూలు మనిషిలా పరిగెత్తాడు. టీము బాగోగులు చూసే రైల్వే ఇన్‌స్పెక్టరు, వచ్చే ఆటలో గోలు కొట్టకపోతే పంపించెయ్యమన్నాడు.

భాయ్ చానాసేపు బుర్ర గోక్కుని ఒక మాట చెప్పాడు. "కూత పెట్టుకో. ఇక్కణ్ణించి మాత్రం కాదు. వాళ్ళ చివరి బ్యాకు పక్కనే నిలబడు. బంతి వచ్చినాకే మొదలుపెట్టు. గోలు దాకా ఊపిరి మిగలాల."

బావ ఫార్వర్డ్ అయింది అలా.

నిలబడటమే ఆయనకు పెద్ద శిక్ష. ఆ ఆట నరసరావుపేట వాళ్ళతో. బంతి ఆయన దాకా రావడం లేదు. మడమతో నేల తవ్వుతున్నాడు, పంచె ఎగ్గట్టి మళ్ళీ విప్పి కడుతున్నాడు. "ఏందన్నా, చీమలు కుడతన్నయ్యా?" అన్నాడు వాళ్ళ బ్యాకు. ఆట ముగియబోతుండగా నాకు బంతి దొరికింది. చూడకుండానే ముందుకు బలంగా కొట్టాను. అక్కడ ఆయన ఉంటాడన్న ధీమా అది. అంతటి ధీమా తర్వాత నాకు ఏ పనిలోనూ దొరకలేదు.

కూత వినపడింది. బ్యాకును దాటాడు. గోలీ కదిలేలోపు కొట్టాడు. గోలు.

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి, "సోమవారం గ్యాంగులోకి రమ్మనండి," అన్నాడు. ఆ మాట చెప్పడానికి అందరం పరిగెత్తాం. బావ ఇంకా కూత ఆపలేదు. నడిమి గీత చేరితేగాని గోలు లెక్కకు రాదని ఆయన భయం. భాయ్ చేతులు చాస్తే కింద నుంచి దూరిపోయాడు. నేను అడ్డం వెళితే పక్కకు దూకాడు. "ఉద్యోగం వచ్చింది బావా, ఆగు!" అని నేను అరుస్తున్నాను. టీమంతా వెంటపడింది. ఎవరికీ చిక్కకుండా, ముఖం కందిపోయి, అదే ఊపిరితో ఆయన గీత వైపు పరిగెడుతూనే ఉన్నాడు.