సీటు సరే, సెక్షను మాటేమిటి?

మొన్న ఒంగోలులో మా పక్కవాటాలో కొత్తగా దిగిన అమ్మాయి మేడమీద గంజి పెట్టిన నేతచీర ఆరేసింది. ఎండకు బిగిసిన ఆ చీర గాలికి ఫెళఫెళలాడుతుంటే, గంజి వాసన నా కిటికీలోంచి గదిలోకి వచ్చింది. నాకు తెలియకుండానే నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాను. డెబ్బయి దాటిన నన్ను ఇప్పటికీ అలా కూర్చోబెట్టగలిగేది సుగుణమ్మ టీచరుగారొక్కరే. చిన్నప్పుడు ఆవిడ వస్తున్నారని బడి వరండాలో గంజిచీర చప్పుడే మాకు ముందు చెప్పేది. క్లాసంతా సర్దుకుని కూర్చునేది. ఆవిడ మమ్మల్ని కొట్టిన గుర్తు లేదు. గట్టిగా అరిచిన గుర్తు కూడా లేదు. ఒక ప్రశ్న అడిగి, మేము జవాబు చెప్పేదాకా ఊరుకుని చూసేవారు. ఆ చూపుకంటే రెండు దెబ్బలు తినడమే తేలిక అనిపించేది.

చీరాలలో మా పేట ఆడపిల్లల బడిలో ఆవిడ లెక్కలు చెప్పేవారు. ఎనిమిదో తరగతితో ఆ బడి అయిపోయేది. మాది మగ్గం ఇల్లు. నాన్న గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు, అమ్మా నేనూ నూలు కండెలు చుట్టేవాళ్ళం. టీచరుగారు చర్చి పక్కన చిన్న పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. ఆవిడ తల్లిదండ్రులు పొలం కూలీలు. వాళ్ళ కుటుంబంలో చదువుకుని ఉద్యోగానికి వచ్చిన మొదటి మనిషి ఆవిడే. అప్పట్లో ఆ సంగతి మాకు తెలుసుగాని, దాని వెనక ఎంత ఉందో తెలియదు.

ఎనిమిది పాసయ్యాక ఊళ్ళో పెద్ద హైస్కూల్లో తొమ్మిదికి దరఖాస్తు పెట్టాను. సీటొచ్చిందని కబురు తెలియగానే అమ్మ బెల్లంముక్క నా నోట్లో పెట్టి, మిగతాది వాడకట్టులో పంచింది. నేను పరుగున టీచరుగారింటికి వెళ్ళాను.

"సీటొచ్చిందండీ!"

"సంతోషం వరలక్ష్మీ. ఏ సెక్షను?"

"జనరల్ లెక్కలండీ."

"నువ్వడిగింది అదేనా?"

నేనడిగింది కాంపోజిట్ లెక్కలు. అది చదివితేనే తరవాత కాలేజీలో లెక్కలూ సైన్సూ తీసుకోవచ్చు. జనరల్ లెక్కలతో ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది. ఆడపిల్లలందరినీ అడక్కుండానే జనరల్లో వేసేవారు. "ఇచ్చిందే పదివేలని నాన్న అన్నాడండీ," అన్నాను తల వంచుకుని.

"సీటు వదులుకోకు. వెళ్ళి చేరు. కానీ చేరడం వేరు, సరేననడం వేరు. పద, మీ నాన్నతో మాట్లాడదాం."

నాన్న మగ్గం గుంటలోనుంచి లేవకుండానే విన్నాడు. పోగుల మధ్య ఆడుతున్న నాడెను చేత్తో ఆపాడు. "పెద్దవాళ్ళు ఇచ్చాక మార్చమంటే అసలుకే మోసం వస్తుందేమో టీచరమ్మగారూ. ఉన్న సీటు కూడా పోతే పిల్ల ఇంట్లో కూర్చోవాల్సిందే," అన్నాడు. ఆ భయం ఉత్త భయం కాదు. మా వాడకట్టులో నా ఈడు పిల్లలు చాలామంది అలా కండెల దగ్గరే ఆగిపోయారు.

"ఫీజు కట్టి చేరిన పిల్లని అడిగినందుకు ఎవరూ తీసేయరు అన్నయ్యగారూ. తీసేస్తే నేనున్నాను," అన్నారావిడ, మారుమాటకు చోటు లేకుండా.

మర్నాడు ఫీజు కట్టి, టీచరుగారూ నేనూ హైస్కూలు హెడ్మాష్టరుగారి గదికి వెళ్ళాం. ఆయన తల ఎత్తి, "ఏమిటండీ సుగుణమ్మగారూ?" అన్నారు.

"నన్నడక్కండి మాష్టారూ, అమ్మాయినడగండి. చదివేది తను."

నేను సాయం కోసం ఆవిడవైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి ఆటస్థలం చూస్తున్నారు! ఇక తప్పదని తెలిసింది. "నాకు కాంపోజిట్ లెక్కలు కావాలండీ," అన్నాను.

"ఎందుకమ్మా?"

"నాకు లెక్కలు బాగా వచ్చండీ."

ఆయన ఫక్కున నవ్వారు. మంచిమనిషే. "వస్తే రావచ్చు. కానీ ఆ సెక్షనంతా మగపిల్లలే. నిన్నొక్కదాన్నీ అక్కడ కూర్చోబెడితే రేపు మీ నాన్నే వచ్చి నన్ను నిలదీస్తాడు."

"ఇద్దరైతేనో?" అన్నారు టీచరుగారు, అప్పటిదాకా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు.

"ఇద్దరైతే చూద్దాం. బడి తెరిచేలోపల తీసుకురండి."

ఆ రెండో పిల్ల రాజేశ్వరి. నాతోపాటు చదివింది, తనకీ జనరల్లోనే సీటొచ్చింది. వాళ్ళు మిరప రైతులు. మేము వెళ్ళేసరికి వాకిట్లో మిరపకాయలు ఎర్రగా రాశి పోసి, ఇంటిల్లిపాదీ తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. ఆ ఘాటుకు గుమ్మం దగ్గరే నాకు తుమ్ములు మొదలయ్యాయి. టీచరుగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే సంగతంతా చెప్పారు. రాజేశ్వరి వాళ్ళ నాన్నది పెద్ద గొంతు. "ఆడపిల్లకి అన్ని లెక్కలెందుకండీ? దీన్నేమన్నా ఇంజనీరును చేస్తారా?" అని కేకేశాడు.

"చేసేదీ లేనిదీ తరవాత. ముందు దానికేం కావాలో అడిగారా?"

ఆయన కూతురివైపు తిరిగాడు. "ఏమే, నీకేం కావాలి?"

రాజేశ్వరి నోరు తెరిచింది, తుమ్మింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ తుమ్మింది. చివరికి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "నాకూ అదే కావాలి నాన్నా, నేనూ వరలక్ష్మీ ఒకే బెంచీలో కూర్చుంటాం," అంది. ఆ వెంటనే వాళ్ళ నాన్న కూడా తుమ్మాడు. "ఒక్క తుమ్మయితే ఆగేవాణ్ణి. ఇంటిల్లిపాదీ తుమ్ముతుంటే ఇక శకునమేం చూస్తాం! వెళ్ళవే," అని పెద్దగా నవ్వేశాడు.

అలా ఇద్దరం ఆ సెక్షనులో చేరాం. మొదట్లో మగపిల్లలు మా బెంచీవైపు చూడటానికే సిగ్గుపడేవారు. తరవాత బీజగణితం అర్థంకానప్పుడల్లా నా నోటుపుస్తకం అడిగేవారు. రాజేశ్వరి మొదటి పరీక్ష తప్పింది. ఇప్పటికైనా జనరల్‌కి మారమని మాష్టారు చెబితే, "నేనడిగి తెచ్చుకున్నదండీ, మారను," అని మొండికేసింది. తరవాతి పరీక్ష గట్టెక్కింది. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి ఆడపిల్లల కాలేజీలో లెక్చరరునయ్యాను. రాజేశ్వరి పెళ్ళయ్యాక ట్రాక్టరు నేర్చుకుని, సొంతంగా పత్తీ మిరపా పండించింది. మేము చేరిన మరుసటేడే ఆ సెక్షనులో ఆడపిల్లలకు రెండు బెంచీలు వేశారు.

టీచరుగారు రిటైరయ్యాక ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. కాఫీ ఇస్తూ, ఎన్నడూ లేనిది, తన సంగతి చెప్పారు. "నాకు డాక్టరు చదువు మీద మనసుండేదే. టీచరు ట్రెయినింగులో సీటిచ్చాం, వెళ్ళు అన్నారు. చిత్తం అన్నాను. టీచరునైనందుకు నాకేం బాధలేదు, మీరంతా దొరికారు. కానీ ఆ రోజు అడగొచ్చని కూడా నాకు తెలియదు. అడిగినా ఇచ్చేవారు కాదేమో. అది వేరే సంగతి." తరవాత ఎప్పటిలాగే, నా కాలేజీలో ఆ ఏడు లెక్కల్లో ఎంతమంది ఆడపిల్లలు చేరారని అడిగారు. చెప్పాను. "చాలదే," అన్నారు.

ఇప్పటికీ జూన్ వస్తే ఎవరో ఒకరు కూతుర్ని వెంటబెట్టుకుని సలహాకోసం వస్తారు. ఏ కాలేజీలో సీటొచ్చిందో, ఏ గ్రూపు ఇచ్చారో, అది ఎందుకు మంచిదో తండ్రే గడగడా చెబుతాడు. నేను అంతా విని, కుర్చీ పిల్లవైపు తిప్పుకుంటాను. "నీకేం కావాలమ్మా?" అంటాను. పిల్ల తండ్రివైపు చూస్తుంది, నేలవైపు చూస్తుంది. తండ్రి అందుకోబోతే చెయ్యెత్తి వారిస్తాను. ఆ పిల్ల నోరు విప్పేదాకా ఎంతసేపైనా సరే, ఊరుకుని చూస్తాను.